విశ్వం చల్లబడదని చిన్నబాపు చెప్పిన రోజు

మా చిన్నబాపు పోయాడని జగిత్యాల నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "పొద్దుగాల చాయ్ వెట్టి లేపితే లేవలే బిడ్డా. సల్లగైపోయి ఉన్నడు" అంది. ఏడవలేదు. ఆవిడ ఏడుపు ఎన్నో ఏళ్ళ కిందటే అయిపోయింది. నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోతే పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాయి. గుడ్డ తెచ్చి తుడుస్తుంటే కోపం ముంచుకొచ్చింది, పాల మీద కాదు. ఒలికిన పాలు గిన్నెలోకి ఎందుకు తిరిగి వెళ్ళవు అని నా చేత మొదటిసారి అడిగించినవాడు ఆయన. ఆ ప్రశ్న పట్టుకునే నేను భౌతికశాస్త్రం చదివాను, ఉద్యోగమంతా అదే పాఠం చెప్పాను, పెన్షన్ తీసుకుంటున్నాను. అదే ప్రశ్నకు జవాబు చెప్పినందుకు ఆయన నోరు మూయించారు. చెప్పవలసినవాళ్ళు ఎలాగూ చెప్పరు గనుక నేను చెబుతున్నాను.

ఇంటర్ చదివిన రోజుల్లో నేను జగిత్యాలలో వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. చిన్నబాపు, అంటే మా బాపుకు సొంత తమ్ముడు, అక్కడ ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. నక్సలైట్ల భయంతో ఊళ్ళో ఉండలేక పట్నం చేరిన ఒక దొరగారి ఇంటి వెనక వాటాలో మా అద్దె కాపురం. ముందు వాకిట్లో ఆ ముసలి దొర పడక కుర్చీలో కూర్చుని, కాలేజీకి బయల్దేరే చిన్నబాపును రోజూ ఒకే మాటతో ఆపేవాడు. "కాలం ఖరాబైంది గద సారూ! మళ్ల ఎన్కటి దినాలు ఎప్పుడొస్తయి?" చిన్నబాపు సైకిల్ స్టాండు తీస్తూ, "రావు దొరా. ఎన్కకు పోయే తొవ్వ లేదు" అనేవాడు. దొరకు అది వెటకారంలా వినబడి ముఖం ముడుచుకునేవాడు. మా చిన్నబాపుకు వెటకారం రాదు. అడిగినదానికి తెలిసింది చెప్పడమే ఆయనకు తెలిసిన మర్యాద. ఆ రోజుల్లో, ఆ ఊళ్ళలో, అంతకంటే ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి ఉండదని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

పొద్దున్నే చిన్నమ్మ స్టవ్వుకు గాలి కొట్టి చాయ్ పెట్టేది. ఆ రెండు గదుల నిండా కిరసనాయిలు వాసన, దాని మీదుగా జొన్నరొట్టె మాడిన వాసన. చాయ్ గ్లాసు చేతికి రాగానే చిన్నబాపు దాన్ని తాగకుండా ముందర పెట్టుకుని నన్ను అడిగేవాడు. "గీ గ్లాసుల వేడి రూములకు పోతది. రూముల వేడి గ్లాసులకు ఎందుకు రాదు చెప్పు? వస్తే శక్తి లెక్క ఏమన్న తప్పుతదా? తప్పది గద? మరి అడ్డమేంది?" బంతి పైకి ఎగిరేటప్పుడూ, కింద పడేటప్పుడూ సూత్రం ఒకటే అని, గ్రహాలను వెనక్కి తిప్పినా న్యూటన్‌కు అభ్యంతరం లేదని, ప్రకృతి సూత్రాల్లో దాదాపు అన్నిటికీ ముందూ వెనకా ఒకటేనని, ఒక్క వేడి సంగతిలోనే కాలానికి దిక్కు ఏర్పడుతుందని ఆయన చెబుతూ పోయేవాడు. రొట్టెల దగ్గర నుంచి చిన్నమ్మ అరిచేది. "విశ్వం ఎప్పుడు సల్లవడుతదో నాకెర్క లేదు గని, గీ ఇంట్ల చాయ్ మాత్రం రోజు సల్లవడుతది. తాగు. మళ్ల వేడి చేసుడు నాతోటి కాదు." చిన్నబాపు పొంగిపోయేవాడు. "మళ్ల వేడి చెయ్యాలంటే మళ్ల నూనె కాలాలె. గదే నేను చెప్పేది!" అని, మీగడ కట్టిన చల్లటి చాయ్ ఒక్క గుక్కలో తాగేసేవాడు.

సెలవులకు సిరిసిల్ల పోయేవాళ్ళం. అక్కడ మా ఇల్లంటే మగ్గాలే, మగ్గాల మధ్య సందుల్లో మనుషులం. గంజి పట్టిన నూలు పుల్లటి వాసన మా బట్టలకు, జుట్టుకు, చివరికి అన్నానికి కూడా పట్టి ఉండేది. బాపు మాట్లాడితే మగ్గం చప్పుడు మీదుగా వినబడాలని అరిచినట్టు మాట్లాడేవాడు, మగ్గం ఆగినా గొంతు తగ్గేది కాదు. నాయనమ్మకు ఒకటే పట్టింపు, పడుగు. పడుగంటే బట్టకు నిలువునా ఉండే దారాలు. అవి వందల కొద్దీ పక్కపక్కన సాగి ఉంటాయి. ఏ దారం పక్కన ఏది అన్న వరుస చెదరకుండా మధ్యలో సన్నటి వెదురు పుల్లలు దూర్చి ఉంచుతారు. ఆ పుల్లలు ఉన్నంతవరకే అది పడుగు, లాగేస్తే ఉత్త చిక్కు. మా ఇంట్లో పిల్లలకు నిప్పు ముట్టుకోవద్దని చెప్పడానికి ముందే పుల్లలు ముట్టుకోవద్దని చెప్పేవాళ్ళు. చిన్నబాపు పసితనంలో కత్తియుద్ధం ఆడుకోవడానికి ఆ పుల్లలే లాగాడట. తాత కొట్టలేదు. ఆ చిక్కు ముందర కూర్చోబెట్టి, మొత్తం విడదీసేదాకా లేవొద్దన్నాడు. ఏడుస్తూ విడదీస్తూ ఈయన అడిగాడట, "గుంజుడు రెప్పపాటుల అయింది గదనే, సర్దుడు ఎందుకు అయితలేదు?" అని. "నోరు మూసుకోని తియ్యిరా" అన్నాడట తాత.

ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు పెద్దయ్యాక కాలేజీలో దొరికింది. వరుసగా ఉండటానికి ఒకటే తీరు, చిక్కుపడటానికి లెక్కలేనన్ని తీర్లు. ఎవరూ పట్టించుకోకుండా వదిలేస్తే ఏదైనా చిక్కు వైపే జరుగుతుంది, ఎందుకంటే అటువైపు దారులెక్కువ. ఎంట్రోపీ అంటే ఆ చిక్కుకు కొలత. అది పెరిగే వైపునే మనం రేపు అంటాం, తక్కువగా ఉన్న వైపును నిన్న అంటాం. ఈ మాట మొదటిసారి విన్న సాయంత్రం నేను సిరిసిల్ల ఇంటి గడప మీద కూర్చుని, లోపల పడుగులను, బయట దుమ్మును చూస్తూ చాలాసేపు లేవలేకపోయాను. చదువంటే ఇంత ఉంటుందా అనిపించింది. ఆ తర్వాత కూడా నన్ను అంతగా కదిలించినది ఇంకేదీ లేదు, పెళ్ళితో సహా.

ఆ ఆనందం తన ఒక్కడికే ఉండటం చిన్నబాపుకు నచ్చలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కోరుట్లలో, ఒక రేకుల హాల్లో, 'విశ్వం ఎటు పోతోంది?' అని ఉపన్యాసం పెట్టుకున్నాడు. కాగితాల మీద తనే రాసి గోడలకు అంటించాడు. కాలేజీ పిల్లలు, నేతపని చేసే సాలోళ్ళు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు వచ్చారు. సిరిసిల్ల నుంచి మా బాపు కూడా వచ్చాడు, తమ్ముడు ఏం చేస్తున్నాడో అర్థం కాకపోయినా. చిన్నబాపు సంచీలోంచి మా ఇంటి పడుగు ముక్క ఒకటి తీసి, అందరూ చూస్తుండగా పుల్లలు లాగేసి, దులిపి కింద పడేశాడు. బాపు "ఓరి!" అని సగం లేచాడు. చిన్నబాపు నవ్వి, "ఎవలన్న వచ్చి మళ్ల దులుపున్రి. దులిపితే వరుసకొస్తదా చూద్దాం" అన్నాడు. అందరూ నవ్వారు గాని, ముందు వరుసలోని ముసలి సాలోళ్ళకు మాత్రం నవ్వు రాలేదు. చిక్కుపడ్డ పడుగును చూస్తూ చేతులు ముడుచుకుని కూర్చోవడం వాళ్ళ వల్ల కాలేదు. ఇద్దరు లేచి వచ్చి వేదిక మీదే చతికిలబడి దారాలు ఏరడం మొదలుపెట్టారు. చిన్నబాపు అదే కోరుకున్నాడు. "చూసిన్రా? కష్టం చేసేటోడుంటే వరుస మళ్ల వస్తది. కాని గీళ్లు తిన్న బువ్వ అరగాలె, చెమట పట్టాలె, వొంట్ల వేడి బయటికి పోవాలె. గీడ సర్దినదాని కంటే ఎక్కువ ఇంకోకాడ చెదురుతది. సూర్యుడు గూడ గంతే. మండుతున్నడు గనకనే మనమున్నం. ఒకనాడు ఆయన ఆరిపోతడు, తర్వాత చుక్కలన్ని ఆరిపోతయి. మనం ఊహించలేనంత కాలం పోయినంక అంతా ఒకే తీరుగ సల్లవడుతది. గప్పుడు ఏం జరగది. ఏం జరగనికాడ ముందు లేదు, ఎన్క లేదు." ఒక బీడీల అవ్వ, "గంత దూరం మనమెందుకు పోతం సారూ" అంది. అందరూ హాయిగా నవ్వారు. నా జీవితంలో నేను విన్న అన్నిటికంటే మంచి ఉపన్యాసం అది.

కొన్నాళ్ళకే ఠాణాకు పిలిచారు. వెళ్ళొచ్చి చిన్నబాపు నవ్వుతూనే చెప్పాడు. ఎస్సై అడిగాడట, "విశ్వం అంతమైతదన్నవట. ఎప్పుడైతది? ఎవలు చేస్తున్నరు?" అని. "ఎవలు చెయ్యరు సార్, దానంతట అదే" అంటే, "దానంతట అదే ఏది కాదు గీ జిల్లాల. ఎవలో ఒకలు చేస్తెనే అయితది" అన్నాడట. కష్టం చేసేవాడుంటే వరుస మళ్ళీ వస్తుందన్న మాటను మఫ్టీలో వచ్చినవాళ్ళు పట్టుకుపోయారు. అది నక్సలైట్ల మాటని, ఎవరు నేర్పారో చెప్పమని పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. మేం నవ్వాం. చిన్నమ్మ ఒక్కతే నవ్వలేదు.

తర్వాత గంగాధర్ వచ్చాడు. చిన్నబాపు దగ్గరే చదువుకుని, డిగ్రీ మధ్యలో వదిలేసి అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిసిన పిల్లవాడు. పట్టపగలే వచ్చాడు, చెప్పులు బయట విడిచాడు, చిన్నమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వినయంగా మొదలుపెట్టాడు. "సార్, గొల్లపల్లి దిక్కు ఒక పోరడు మాతోటి రానంటున్నడు. ఎందుకురా అంటే, ఆఖరికి అంతా సల్లారిపోతదట గద, సార్ చెప్పిండు, మరి కొట్లాడుడెందుకు అంటున్నడు. మీరు చెప్పింది జనాన్ని పండవెడ్తది సార్." చిన్నబాపు ఆశ్చర్యపోయాడు. "అరే, నేను చెప్పింది కోట్ల కోట్ల ఏండ్ల తర్వాతి ముచ్చట. మీ లడాయికి దానికి ఏం సంబంధం?" గంగాధర్ తల వంచుకునే, "గట్లనైతే గదే జాగల, గదే జనం ముందర, తప్పు చెప్పిన అనున్రి" అన్నాడు. "అది నేను పెట్టిన నియమం కాదురా, తీసేసెతందుకు" అన్నాడు చిన్నబాపు. గంగాధర్ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే కాలేజీ నుంచి సైకిల్ ఇంటికి వచ్చింది, మనిషి రాలేదు.

బుగ్గారం దాటి ఎక్కడో ఉంచారని తెలిసింది. కొట్టలేదు. అన్నం పెట్టారు, గౌరవంగానే చూశారు. రోజూ కూర్చోబెట్టి చరిత్ర ముందుకే పోతుందని, మనిషి తలచుకుంటే దేన్నయినా సర్దగలడని పాఠాలు చెప్పారట, కాలం ముందుకు పోవడం గురించి ఆయనకే! చిన్నమ్మ అన్నం ముట్టలేదు. సిరిసిల్లలో మగ్గాలు ఆపి బాపు వచ్చాడు, ఎవరెవరినో పట్టుకుని తమ్ముణ్ణి కలిశాడు. తను ఏమన్నాడో తర్వాత నాకు తనే చెప్పాడు. "ఒక్క మాటనే గద తమ్మీ. అని ఇంటికి రా. నువ్వు అన్నంత మాత్రాన సూర్యునికి ఏమైతది?" చిన్నబాపు ఒప్పుకున్నాడు. ఏ కారణానికి ఒప్పుకున్నాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. భయానికే అయి ఉంటుంది, భయపడటం నేరమని నేననుకోను.

కోరుట్లలో అదే హాలు. అన్నల సంఘాలు అప్పట్లో బాహాటంగానే సభలు పెట్టేవి. ఎప్పుడూ చేతులు ఊపకుండా మాట్లాడలేని మనిషి, ఆ రోజు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "పోయినసారి గీ జాగల నేనొక మాట చెప్పిన. చుక్కలన్ని ఆరిపోతయని, విశ్వం సల్లవడుతదని చెప్పిన. అది తప్పు. విశ్వం సల్లవడది. జనాన్ని నిరాశల పడేసిన, మాఫ్ చెయ్యున్రి." మొదట చప్పట్లు కొట్టింది మా బాపు. లేచి నిలబడి, ఆ మగ్గం చేతులతో గట్టిగా కొట్టాడు. ఆయనకు ఎంట్రోపీ తెలియదు, నియమం తెలియదు, తమ్ముడు ఇంటికి వస్తాడని ఒక్కటే తెలుసు. ఆ తర్వాత హాలంతా కొట్టింది. చిన్నబాపు దగ్గర ఆ నియమం చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా కొట్టారు. చిన్నబాపు ఎవరినీ చూడలేదు, బాపును మాత్రమే చూశాడు. అన్నదమ్ములు ఆ విషయమై ఒక్క మాట అనుకోలేదు. కాని ఆ తర్వాత చిన్నబాపు సిరిసిల్లకు పండుగలకు తప్ప రాలేదు, వచ్చినా మగ్గాల గదిలోకి పోలేదు. ఎందుకు రావడం లేదో బాపుకు చచ్చేదాకా అర్థం కాలేదు. ప్రాణం కాపాడితే కోపమేందే వీనికి అని నాయనమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

కథ అక్కడితో అయిపోయినా బాగుండేది. అన్నలు చెప్పమన్నది చెప్పాడు గనుక అన్నల మనిషేనని ఈసారి పోలీసులు వచ్చి తీసుకుపోయారు. వీళ్ళు గౌరవంగా చూడలేదు. తిరిగొచ్చిన రోజు అరికాళ్ళు నేల మీద ఆనక గోడ పట్టుకుని వచ్చాడు. చిన్నమ్మ ఉప్పు మూటతో కాపడం పెడుతుంటే పళ్ళు బిగించుకుని కళ్ళు మూసుకునేవాడు. కాళ్ళు చాలావరకు బాగయ్యాయి. కాలేజీకి మళ్ళీ పోయాడు, కుర్చీలో కూర్చుని పాఠం చెప్పాడు. ఉష్ణం పాఠం వచ్చినప్పుడు మాత్రం, "ఇది మీరే సదువుకోన్రి, పెద్దగ ఏం లేదు" అని పేజీలు తిప్పేసేవాడు. పిల్లలు నవ్వుకునేవాళ్ళు. రిటైరయ్యేదాకా, ఏటా అదే. ఇంట్లో చాయ్ ఇస్తే వేడివేడిగా తాగేసి గ్లాసు ఇచ్చేసేవాడు. "ఇప్పుడు చాయ్ సల్లవడుతలేదు బిడ్డా" అని చిన్నమ్మ నాతో అంది ఒకసారి, వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో ధైర్యం చేసి అడిగాను. "గా రోజు ఎందుకట్లన్నవు చిన్నబాపూ?" ఆయన కోపగించుకోలేదు. "నేనంటే ఆగుతదా బిడ్డా? నేను సల్లవడదన్న పొద్దు గూడ అది సల్లవడుకుంటనే ఉన్నది" అన్నాడు. "మరి పాఠమెందుకు చెప్తలేవు?" అన్నాను. దానికి ఆయన అన్నాడు, "తప్పని చెప్పిన నోటితోనే మళ్ల ఒప్పని ఎట్ల చెప్పాలె? పోరలకు ఏది నమ్మాల్నో ఎర్క కావాలె గద. అన్నమాటను అననట్టు చేసుడు నాతోటి కాదు. నువ్వు చెప్పు, నీ నోరు మంచిగున్నది." నేను చెప్పాను. ప్రతి ఏడూ ఆ పాఠం మామూలు కంటే ఎక్కువ రోజులు చెప్పాను. నా విద్యార్థుల్లో ఒక్కరికీ నేను ఎందుకంత కసిగా చెబుతున్నానో తెలియదు.

ఇప్పుడు జగిత్యాల పోతే దొరగారి ఇల్లున్న చోట షాపింగ్ కాంప్లెక్సు ఉంది. కోరుట్ల హాలు ఎక్కడుండేదో నేను గుర్తుపట్టలేను. సిరిసిల్లలో మా వీధిలో పవర్‌లూముల మోత, అవీ సగం మూతపడ్డాయి. ఇదంతా పోయిందని నాకు బాధ లేదు. పోతాయని నాకు చిన్నప్పుడే చెప్పారు. అప్పుడు ఒక మాటకు మనిషిని ఎత్తుకుపోయేవాళ్ళు, ఇప్పుడు ఏ మాట చెప్పినా వినేవాడు లేడు. ఈ రెంటిలో ఏది మేలని నన్ను అడగొద్దు. అప్పటివాళ్ళు మాట విలువ తెలిసినవాళ్ళు అని నాతో అనబోయిన ఒక పెద్దమనిషిని మొన్ననే ముఖం మీద తిట్టాను.

చిన్నబాపు సంతాప సభ జగిత్యాలలో గంగాధరే పెట్టాడు. ఎన్నో ఏళ్ళు అడవిలో ఉన్నాడు, స్నేహితులను పోగొట్టుకున్నాడు, లొంగిపోయి వచ్చాడు, ప్లాట్లు అమ్మాడు, ఇప్పుడు స్కూళ్ళు నడుపుతున్నాడు. పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు, అందులో చిన్నబాపు ఫొటో కంటే అతని ఫొటో కొంచెం పెద్దది. మైకులో అన్నాడు, "మా సార్ తను చెప్పింది తప్పని తెలుసుకోని జనం ముందర ఒప్పుకున్నడు. ఇయ్యాల గంత పెద్ద మనసు ఎవలకున్నది?" పక్కన చిన్నమ్మ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. నా వంతు రాగానే లేచాను. "మా చిన్నబాపు తప్పు చెప్పలే. విశ్వం సల్లవడుతది" అని మొదలుపెట్టి, సూర్యుడి సంగతి, చుక్కల సంగతి, ఆఖరికి ఏదీ జరగని కాలం సంగతి, ఆయన కోరుట్లలో చెప్పినదంతా చెప్పాను. ఎవరో ఒకరు లేస్తారని, కాదంటారని ఎదురుచూశాను. ముందు వరుసలో ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. వెనక భోజనాల దగ్గర గిన్నెల చప్పుడు. అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు.

దిగి వస్తుంటే గంగాధర్ ఎదురొచ్చి చేతులు జోడించాడు. "మంచిగ చెప్పిన్రు మేడం. మా స్కూల్ పిల్లలకు గూడ ఒకసారి వచ్చి గిదే చెప్పున్రి, బండి పంపుత." నాకు ఒళ్ళు మండిపోయింది. "గిదే మాట గద గంగాధర్, మీరు ఆయనతోటి తప్పని చెప్పిచ్చింది?" అన్నాను. అతను నా ముఖంలోకి చూశాడు. నుదురు రుద్దుకున్నాడు, నిజంగానే వెతుక్కున్నాడు. "గిదేనా మేడం?" అన్నాడు చివరికి. "సార్ ఏదో తప్పు చెప్పిండు, ఒప్పుకున్నడు అన్న కాడికే యాదికున్నది. ఏం చెప్పిండో మర్సిపోయిన." అతను అబద్ధమాడటం లేదు. అబద్ధమాడినా నాకు ఇంత కోపం వచ్చేది కాదు. చిన్నబాపు మాత్రం ఆ మాటను బతికినన్నాళ్ళూ ఒక్క రోజు కూడా మరచిపోలేదు.